గెలవరు... గెలుపును మార్చేస్తారు!

ఫ్లోరిడాలో 2000 నవంబరులో దాదాపు 60 లక్షల మంది ఓటేశారు. లెక్క తేలేసరికి జార్జ్ బుష్‌కి 29,12,790 ఓట్లు. అల్ గోర్‌కి 29,12,253. తేడా 537! ఓ పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉండే ఓటర్లు ఇంతకంటే ఎక్కువే ఉంటారు. అమెరికా అధ్యక్షుడెవరో ఆ 537 ఓట్లే తేల్చాయి.

అదే ఫ్లోరిడాలో, అదే బ్యాలెట్ మీద ఇంకో పేరు కూడా ఉంది. రాల్ఫ్ నేడర్. ఆయనకు పడ్డ ఓట్లు 97,488.

నేడర్ గెలవరని ఆయనకు ఓటేసినవాళ్లకీ తెలుసు. కార్ల కంపెనీల నిర్లక్ష్యాన్ని 1965లో ఓ పుస్తకంతో బజారుకీడ్చిన లాయరాయన. అమెరికాలో వాహనాల భద్రతకు 1966లో చట్టం వచ్చిందంటే అందులో ఆయన పోరాటం పాలు చాలానే ఉంది. అలాంటి మనిషి గ్రీన్ పార్టీ తరఫున నిలబడి 'రెండు పెద్ద పార్టీలూ కంపెనీల కొమ్ము కాసేవే' అంటే, విసిగిపోయినవాళ్లు ఔనన్నారు. దేశం మొత్తమ్మీద 28 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. శాతంలో చూస్తే మూడు కూడా లేదు. కానీ ఆ మూడు శాతం లోపు ఓట్లే పాతికేళ్లుగా అమెరికాలో తెగని తగవు.

నేడర్ లేకపోతే గోర్ గెలిచేవారా? ఓటేసి బయటికొచ్చిన నేడర్ మద్దతుదారులను ఆ రోజు సర్వేల వాళ్లు అడిగారు. దాదాపు సగం మంది గోర్‌కి వేసేవాళ్లమన్నారు. అయిదో వంతు బుష్‌కన్నారు. మిగిలినవాళ్లు అసలు పోలింగ్ కేంద్రానికే వచ్చేవాళ్లం కాదన్నారు. ఈ లెక్కను ఫ్లోరిడాకు వర్తింపజేస్తే గోర్‌కి పాతికవేల ఓట్ల ఆధిక్యం వచ్చేది. కావలసింది 538!

నేడర్ మాత్రం ఈ నిందను ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆయన వైపు కూడా న్యాయముంది. గోర్ తన సొంత రాష్ట్రం టెనెసీలోనే ఓడిపోయారు. అక్కడ గెలిచి ఉంటే ఫ్లోరిడాతో పనే లేదు. ఓట్లెవరి సొత్తూ కాదు, సంపాదించుకోవాలి అన్నది నేడర్ వాదన. ఈ రెండు మాటల్లో ఏది నిజం? రెండూ నిజమే. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక ఎన్నిక కాదు... 51

అమెరికా అధ్యక్ష ఎన్నికను ఒకే పెద్ద ఎన్నిక అనుకుంటే ఏమీ అర్థం కాదు. అవి 51 ఎన్నికలు. 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ ప్రాంతం. జనాభాను బట్టి ఒక్కోదానికీ కొందరు ఎలెక్టర్లు. అందరూ కలిసి 538 మంది. అందులో సగానికి మించి, అంటే కనీసం 270 మంది మద్దతు దక్కినవాళ్లే అధ్యక్షుడు.

ఇక్కడో మెలిక. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా అన్నిచోట్లా ఒక్క ఓటు ఎక్కువొచ్చినా చాలు, ఆ రాష్ట్రపు ఎలెక్టర్లంతా ఆ అభ్యర్థి ఖాతాలోకే. రెండోస్థానానికి గుండుసున్నా. సగం ఓట్లు రావాలన్న నియమం కూడా లేదు. ముగ్గురు పోటీపడితే 35 శాతంతోనూ రాష్ట్రం మొత్తాన్ని ఎగరేసుకుపోవచ్చు. మన ఎమ్మెల్యే సీటు కథే ఇది. కాకపోతే అక్కడ ఒక్కో 'సీటు' ఓ రాష్ట్రమంత!

ఈ పద్ధతిలో స్వతంత్రులకైనా, చిన్న పార్టీలకైనా వచ్చిన ఓట్లెన్ని అన్నది రెండో ప్రశ్న. అవి ఎక్కడ పడ్డాయన్నది మొదటి ప్రశ్న. దీనికి 1948ని మించిన పాఠం లేదు.

ఒకే ఓట్లు... వేర్వేరు రాతలు

ఆ ఏడాది డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్. ఎదురుగా రిపబ్లికన్ థామస్ డ్యూయీ. ట్రూమన్‌కి సొంతింట్లోంచే ఇద్దరు ఎదురు తిరిగారు. నల్లజాతివారికి హక్కులివ్వడాన్ని వ్యతిరేకిస్తూ దక్షిణ కరోలినా గవర్నరు స్ట్రామ్ థర్మండ్ ఓ వైపు, రష్యాతో సఖ్యంగా ఉండాలంటూ మాజీ ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ ఇంకో వైపు.

ఇద్దరికీ వచ్చిన ఓట్లు ఇంచుమించు సమానం. థర్మండ్‌కి 11.75 లక్షలు, హెన్రీ వాలెస్‌కి 11.57 లక్షలు. చెరో 2.4 శాతం. ఎలెక్టర్ల దగ్గరికొచ్చేసరికి థర్మండ్‌కి 39 మంది, వాలెస్‌కి ఒక్కరూ లేరు! థర్మండ్ ఓట్లన్నీ దక్షిణాదిలో పోగుపడ్డాయి. నాలుగు రాష్ట్రాలు ఆయన ఖాతాలో పడ్డాయి. పైగా ఆ నాలుగింటిలోనూ డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిగా బ్యాలెట్ మీద ఉన్నది ట్రూమన్ పేరు కాదు, థర్మండ్ పేరే. వాలెస్ ఓట్లు మాత్రం పెద్ద రాష్ట్రాల్లో చెల్లాచెదురయ్యాయి.

అలాగని వాలెస్ పోటీ వృథా కాలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆయనకు 5 లక్షలకు పైగా ఓట్లొచ్చాయి. అక్కడ ట్రూమన్ ఓడింది 61 వేల తేడాతో. ఆ రోజుల్లో న్యూయార్క్ అంటే 47 మంది ఎలెక్టర్లు! ఒక్కరినీ గెలవని మనిషి 47 మందిని చేజార్చాడు. ట్రూమన్ అదృష్టం బాగుండి మిగతాచోట్ల నెగ్గుకొచ్చారు గానీ, మూడో మనిషికున్న రెండు రకాల బలం ఆ ఒక్క ఎన్నికలోనే బయటపడింది. ఒకచోట పోగుపడితే రాష్ట్రాలే గెలుస్తాడు. చెదిరిపోతే ఎవరినో ఓడిస్తాడు.

రెండు కోట్ల ఓట్లు... సున్నా!

టెక్సాస్ కోటీశ్వరుడు రాస్ పెరో 1992 ఫిబ్రవరిలో ఓ టీవీ ముఖాముఖిలో కూర్చుని, జనం తన పేరును అన్ని రాష్ట్రాల బ్యాలెట్ల మీదకూ ఎక్కిస్తే పోటీచేస్తానన్నాడు. ఎక్కించారు. ఏ పార్టీ అండా లేదు. ఖర్చు సొంత జేబులోంచి 6 కోట్ల డాలర్లకు పైనే. టీవీలో అరగంటసేపు సమయం కొనుక్కుని, చేతిలో బెత్తం పట్టుకుని, పటాలు చూపిస్తూ దేశం అప్పుల లెక్క పాఠంలా చెప్పేవాడు. విచిత్రం, జనం కూర్చుని విన్నారు! జూన్ నాటికి సర్వేల్లో అధ్యక్షుడు సీనియర్ బుష్‌నీ, బిల్ క్లింటన్‌నీ దాటేశాడు.

జులైలో హఠాత్తుగా తప్పుకున్నాడు. అక్టోబరు 1న మళ్లీ వచ్చాడు. అంత గందరగోళం చేశాక కూడా 1.97 కోట్ల మంది ఓటేశారు. దాదాపు 19 శాతం. అంటే ప్రతి అయిదుగురిలో ఇంచుమించు ఒకరు. ఎలెక్టర్లు మాత్రం... సున్నా. మెయిన్, యూటా రాష్ట్రాల్లో రెండోస్థానం దాకా వెళ్లడమే ఆయన సాధించిన పెద్ద విజయం. అన్నిచోట్లా కాస్త కాస్త, ఎక్కడా చాలినంత లేదు.

తెలుగువాళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో ప్రజారాజ్యానికి దాదాపు 16 శాతం ఓట్లు పడితే, 294 స్థానాల్లో దక్కినవి 18. ఓట్ల సంచీ బరువుగానే ఉన్నా, పరచుకుపోతే సీట్లు రాలవు.

పెరోనే సీనియర్ బుష్‌ను ఓడించాడని రిపబ్లికన్లు ఇప్పటికీ అంటుంటారు. పైకి చూస్తే నిజమేననిపిస్తుంది. క్లింటన్ గెలిచింది 43 శాతం ఓట్లతోనే మరి. కానీ పెరో మద్దతుదారులను అడిగితే, ఆయన లేకపోతే బుష్‌కి వేసేవాళ్లమన్నవాళ్లూ, క్లింటన్‌కి వేసేవాళ్లమన్నవాళ్లూ సరిసమానంగా తేలారు. రెండు తక్కెడల్లోంచీ ఒకే బరువు తీస్తే ముల్లు కదలదు. అందుకే ఎవరైనా 'ఓట్లు చీల్చాడు' అన్నప్పుడు ఎన్ని ఓట్లు అని కాదు, ఎవరి ఓట్లు అని అడగాలి.

చీలిక... కొన్నిసార్లు మిథ్య

నిజంగా చీల్చిన ఘనత మాజీ అధ్యక్షుడు థియొడార్ రూజ్‌వెల్ట్‌ది. తాను ఏరికోరి గద్దెనెక్కించిన విలియం టాఫ్ట్ మీద అలిగి 1912లో సొంత కుంపటి పెట్టుకున్నాడు. ప్రచారంలో ఉండగా మిల్వాకీలో ఒకడు తుపాకీతో కాల్చాడు. జేబులో మడిచిపెట్టుకున్న 50 పేజీల ప్రసంగం, కళ్లజోడు పెట్టె తూటా వేగాన్ని తగ్గించాయి. నెత్తురోడుతూనే వేదికెక్కి మాట్లాడాడు. అంత మొండివాడికి 27 శాతం ఓట్లొచ్చాయి. టాఫ్ట్‌కి 23 శాతం. కలిపితే సగం! కానీ విడివిడిగా పోటీచేశారు కాబట్టి 42 శాతం కూడా రాని ఉడ్రో విల్సన్ 435 మంది ఎలెక్టర్లతో గెలిచాడు. అధ్యక్షుడిగా ఉన్న టాఫ్ట్‌కి మిగిలింది 8 మంది. పిట్టపోరు పిల్లి తీర్చడమంటే అదే.

1860 కూడా అలాంటిదేనని చాలామంది అనుకుంటారు. అబ్రహాం లింకన్ మీద ముగ్గురు పోటీపడ్డారు. ఆయనకు వచ్చింది 40 శాతం లోపే. ప్రత్యర్థులు కలిసి ఉంటే లింకన్ అధ్యక్షుడయ్యేవాడే కాదు, బానిసత్వం మీద యుద్ధమూ వచ్చేది కాదు అనడం పరిపాటి. రాష్ట్రాల వారీగా కూడికలు వేస్తే ఆ మాట నిలబడదు. ముగ్గురి ఓట్లూ ఒక్కరికే పడ్డాయనుకున్నా లింకన్‌కి చేజారేవి రెండుమూడు చిన్నచోట్లే. అప్పటి 303 మంది ఎలెక్టర్లలో కావలసింది 152. ఆ చీలిక లేకున్నా ఆయనకు 169 మంది మిగిలేవారు. జనాభా ఎక్కువున్న ఉత్తరాది రాష్ట్రాల్లో చాలావాటిలో ఆయనకు సగానికి మించి ఓట్లు పడ్డాయి మరి. ఓటమికి సాకు వెతుక్కునేవాళ్లకి మూడో మనిషి ఎప్పుడూ చేతికందే వస్తువే. సాకు నిజమో కాదో రాష్ట్రాల లెక్కే చెప్పాలి.

ఎవరికీ 270 రాకపోతే?

మూడో మనిషికి ఇంకో అస్త్రముంది. గెలవక్కర్లేదు, ఎవరినీ గెలవనివ్వకుంటే చాలు.

అలబామా మాజీ గవర్నరు జార్జ్ వాలెస్ 1968లో వేసిన ఎత్తు అదే. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బడిలో చదవడాన్ని అడ్డుకోవడానికి కాలేజీ గుమ్మంలో నిలబడ్డ మనిషాయన. దక్షిణాదిలో అయిదు రాష్ట్రాలు గెలిచాడు. 46 మంది ఎలెక్టర్లు. రిచర్డ్ నిక్సన్‌కి 301, హ్యూబర్ట్ హంఫ్రీకి 191. నిక్సన్ తేలిగ్గా గట్టెక్కినట్టే కనిపిస్తుంది. కానీ ఇల్లినాయ్, మిస్సోరీ... ఈ రెండు రాష్ట్రాల్లో ఆయన ఆధిక్యం కలిపి చూస్తే లక్షన్నర పైచిలుకు ఓట్లే. అవి హంఫ్రీ వైపు తిరిగి ఉంటే నిక్సన్ 263 దగ్గర ఆగిపోయేవాడు. హంఫ్రీకి 229. తాళంచెవి వాలెస్ చేతిలో! మద్దతు కావాలా, నల్లజాతివారి హక్కుల విషయంలో వెనక్కి తగ్గండి అని బేరం పెట్టాలన్నదే ఆయన ఆలోచన.

బేరం కుదరకపోతే రాజ్యాంగం చూపించే దారి ఇంకా విడ్డూరం. అధ్యక్షుణ్ని ప్రతినిధుల సభ ఎన్నుకోవాలి. ఎలెక్టర్ల మద్దతులో మొదటి ముగ్గురిలోంచే ఎంచుకోవాలి. సభ్యుడికో ఓటు కాదు, రాష్ట్రానికో ఓటు. దాదాపు 4 కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకి ఒకటే. 6 లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కీ ఒకటే. వాషింగ్టన్ ప్రాంతానికి అదీ లేదు. 26 రాష్ట్రాలు ఎటుంటే అటే. ఉపాధ్యక్షుణ్ని మాత్రం సెనేట్ ఎన్నుకుంటుంది. అంటే అధ్యక్షుడు ఓ పార్టీ, ఉపాధ్యక్షుడు మరో పార్టీ అయినా ఆశ్చర్యం లేదు.

ఈ నిబంధన ఒకసారి ఆచరణలోకీ వచ్చింది. 1824లో నలుగురి పోటీలో ఆండ్రూ జాక్సన్‌కి 99 మంది ఎలెక్టర్లు, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కి 84. ప్రజల ఓట్లలోనూ జాక్సన్‌దే పైచేయి. కానీ కావలసిన 131 ఎవరికీ లేవు. నాలుగోస్థానంలో నిలిచిన హెన్రీ క్లే పోటీలోంచి బయటికి పోయాడు. పోయినవాడు ఊరుకున్నాడా? ప్రతినిధుల సభ స్పీకరు ఆయనే! తన బలాన్ని ఆడమ్స్ వైపు మళ్లించాడు. 24 రాష్ట్రాల్లో 13 ఆడమ్స్‌కి దక్కాయి. అధ్యక్షుడైన ఆడమ్స్ విదేశాంగ మంత్రి పదవి ఎవరికిచ్చాడో చెప్పక్కర్లేదు. లోపాయికారీ బేరమంటూ జాక్సన్ వర్గం నాలుగేళ్లపాటు దుమ్మెత్తిపోసింది. 1828లో గద్దెనెక్కింది.

వాలెస్ తెచ్చిన భయంతో ఎలెక్టర్ల పద్ధతినే ఎత్తేయాలని 1969లో ప్రతినిధుల సభ మూడింట రెండొంతులకు మించిన మెజారిటీతో తీర్మానించింది. మరుసటేడాది సెనేట్‌లో సాగదీత ప్రసంగాలతో అది మూలపడింది. భయం మాత్రం అలాగే ఉంది.

బ్యాలెట్ ఎక్కడమే యజ్ఞం

ఇంత బలముంటే ప్రతి ఎన్నికకూ పదిమంది పెరోలు పుట్టుకురావాలి కదా? రారు. ఎందుకంటే అమెరికాలో స్వతంత్రుడికి అసలు పరీక్ష ఓటింగ్ కాదు, బ్యాలెట్.

నల్లగొండ లోక్‌సభ స్థానంలో 1996లో 480 మంది బరిలోకి దిగారు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించడానికి జనం ఎంచుకున్న దారి అది. బ్యాలెట్ పత్రం ఓ పుస్తకమైంది. పోలింగే వాయిదా పడింది. ఆ తర్వాత కేంద్రం 500 రూపాయలున్న డిపాజిట్‌ను 10 వేలకు పెంచింది. స్వతంత్రుడికి పదిమంది ప్రతిపాదకులుండాలన్న నిబంధనా అప్పటిదే. ఇంత జరిగినా మన దగ్గర గేటు వెడల్పే.

అమెరికాలో దేశమంతటికీ ఒకే నామినేషన్ లేదు. ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివే. 2024లో స్వతంత్రుడిగా నిలబడాలంటే టెనెసీలో 275 మంది సంతకాలు చాలు. టెక్సాస్‌లో 1,13,151 కావాలి. అదీ రెండు నెలలు దాటిన కొద్ది గడువులో. పెద్ద పార్టీల ప్రాథమిక ఎన్నికల్లో ఓటేసినవాళ్ల సంతకాలు అక్కడ చెల్లవు. కాలిఫోర్నియాలో 2,19,403 సంతకాలు. ఒక్కో సంతకాన్నీ భూతద్దంతో వెతికి కొట్టేయించడానికి పెద్ద పార్టీల లాయర్లు సిద్ధంగా ఉంటారు.

అది దాటినా ఇంకో గోడుంది. టీవీ చర్చావేదిక. 1992లో పెరోను పెద్ద అభ్యర్థులిద్దరి పక్కనా నిలబెట్టారు. 1996లో రానివ్వలేదు. 2000 నుంచీ జాతీయ సర్వేల్లో 15 శాతం ఉంటేనే ప్రవేశం. వేదికెక్కితే తప్ప జనానికి తెలియదు. జనానికి తెలిస్తే తప్ప వేదికెక్కనివ్వరు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు!

తప్పుకున్నా చిక్కే

రాబర్ట్ కెనెడీ జూనియర్ కథ ఇవన్నీ కలగలిసింది. 1968 ఎన్నికల ప్రచారంలో హత్యకు గురైన రాబర్ట్ కెనెడీ కొడుకు. 2023 ఏప్రిల్‌లో డెమోక్రాట్ల టిక్కెట్ కోసం దిగి, అక్టోబరులో స్వతంత్రుడయ్యారు. బైడెన్, ట్రంప్ ఇద్దరి మీదా మొహం మొత్తిన రోజులవి. కొన్ని సర్వేల్లో 20 శాతం దాటారు. మొదట డెమోక్రాట్లు బెదిరారు. తర్వాత ఆయన లాక్కునేది ట్రంప్ ఓట్లేనేమోనని రిపబ్లికన్లకు గుబులు పుట్టింది. న్యూయార్క్‌లో ఆయన ఇచ్చిన చిరునామా చెల్లదని కోర్టు తేల్చడంతో అక్కడి బ్యాలెట్‌కి దూరమయ్యారు.

2024 జులైలో బైడెన్ తప్పుకుని కమలా హారిస్ వచ్చాక కెనెడీ బలం కరిగిపోయింది. ఆగస్టు 23న ప్రచారం ఆపి ట్రంప్‌కి మద్దతు పలికారు. అసలు నాటకం అప్పుడు మొదలైంది. హోరాహోరీ పోరున్న రాష్ట్రాల్లో తన పేరు తీసేయమన్నారు. అంతవరకూ బ్యాలెట్ ఎక్కడానికి కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి, దిగడానికి తిరగాల్సి వచ్చింది! మిషిగన్, విస్కాన్సిన్‌లలో ఇప్పుడు కుదరదన్నారు. అమెరికా సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. పోటీలో లేని మనిషికి దేశవ్యాప్తంగా ఏడున్నర లక్షల ఓట్లు పడ్డాయి.

ఈసారి ఆ ఓట్లు ఫలితాన్ని తారుమారు చేయలేదు. ట్రంప్ 312 మంది ఎలెక్టర్లతో గెలిచారు. కెనెడీ 2025 ఫిబ్రవరిలో ఆరోగ్యశాఖ మంత్రి అయ్యారు. హెన్రీ క్లే కథ జరిగి అప్పటికి సరిగ్గా 200 ఏళ్లు. ఎవరు ఎవరికి ఏమిచ్చారన్న వాదన అలా ఉంచితే, గెలవలేని బలాన్ని కూడా కొనేవాళ్లుంటారన్నది మాత్రం పాత సత్యమే.

మనసుకా... లెక్కకా?

ఈ అంకెలన్నిటి వెనకా ఓ మామూలు ఓటరున్నాడు. అతని బాధే అసలు విషయం.

నచ్చినవాడికి ఓటేస్తే నచ్చనివాడు గెలుస్తాడేమో! నచ్చనివాణ్ని ఆపాలంటే అంతగా నచ్చని ఇంకొకరికి వేయాలి. 2000లో ఈ బాధకు కొందరు ఓ ఉపాయం కనిపెట్టారు. పోరు బిగుసుకున్న రాష్ట్రంలోని నేడర్ అభిమాని గోర్‌కి వేయాలి. బదులుగా ఎటూ ఫలితం తెలిసిపోయిన రాష్ట్రంలోని గోర్ అభిమాని నేడర్‌కి వేయాలి. ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య మాట ఒప్పందాలు! కానీ 537 ఓట్ల తేడాను అవీ ఆపలేకపోయాయి. నాలుగేళ్ల తర్వాత నేడర్ స్వతంత్రుడిగా నిలబడితే 28 లక్షల ఓట్లు కాస్తా 5 లక్షల లోపుకు పడిపోయాయి. ఆయన మాటలు మారలేదు. ఓటర్లకి లెక్క భయం పట్టుకుంది.

2016లో ఆ భయం మళ్లీ లేచింది. విస్కాన్సిన్‌లో ట్రంప్ ఆధిక్యం 22,748. గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్ ఓట్లు 31,072. మిషిగన్‌లో ఆధిక్యం 10,704, స్టైన్ ఓట్లు 51,463. పెన్సిల్వేనియాలోనూ అదే వరస. స్టైన్ లేకపోతే వాళ్లంతా హిల్లరీ క్లింటన్‌కి వేసేవాళ్లని చెప్పలేం. వేసేవాళ్లు కాదనీ చెప్పలేం. ఆ తేలని ప్రశ్నే తర్వాతి ఎన్నికల్లో ఓటరు చెయ్యి పట్టుకుంటుంది.

మెయిన్ రాష్ట్రం దీనికో మందు కనిపెట్టింది. 2010లో అక్కడ గవర్నరు పదవికి పోటీ ఎక్కువై, 38 శాతం లోపు ఓట్లతో ఒకాయన గెలిచాడు. రెండోస్థానంలో నిలిచింది ఓ స్వతంత్రుడు. విసుగెత్తిన జనం 2016లో పద్ధతి మార్చాలని ఓటేశారు. బ్యాలెట్ మీద ఒక్కరికే టిక్కు పెట్టక్కర్లేదు. మొదట వీరు, కాకపోతే వీరు, అదీ కాకపోతే వీరు అని వరస ఇవ్వొచ్చు. ఎవరికీ సగం దాటకపోతే ఆఖరున ఉన్నవాళ్లను తప్పించి, వాళ్ల ఓట్లను రెండో ఇష్టానికి మళ్లిస్తారు. 2018లో అక్కడ ప్రతినిధుల సభ స్థానమొకటి ఇలాగే తేలింది. మొదటి లెక్కింపులో వెనకబడ్డ జారెడ్ గోల్డెన్, ఇద్దరు స్వతంత్రుల ఓట్లు మళ్లించాక గెలిచారు. స్వతంత్రులకు వేసినవాళ్ల ఓటు గంగలో కలవలేదు. 2020 నుంచీ మెయిన్‌లో అధ్యక్ష ఎన్నికకూ ఇదే పద్ధతి. 2024లో అలాస్కాలోనూ అలాగే జరిగింది.

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. ఓ రాష్ట్రంలో చీలిక భయాన్ని తీర్చగలదు గానీ, దేశం మొత్తమ్మీద ఎవరికీ 270 రాని చిక్కును తీర్చలేదు. పైపెచ్చు, స్వతంత్రులు నాలుగు రాష్ట్రాలు గెలవడం తేలికైతే ఆ చిక్కే పెరగొచ్చు. ఆ ముడి రాజ్యాంగంలోనే ఉంది.

ఓడినవాళ్ల గెలుపు

ఏ పార్టీకీ చెందకుండా అమెరికా అధ్యక్షుడైంది ఇప్పటికి ఒక్క జార్జ్ వాషింగ్టనే. మరి గెలవరని తెలిసీ వీళ్లెందుకు నిలబడతారు? జనమెందుకు ఓటేస్తారు?

జవాబు పెరో పటాల్లో ఉంది. 1992లో ఆయనకు పడ్డ 1.97 కోట్ల ఓట్లను రెండు పార్టీలూ గుడ్లప్పగించి చూశాయి. అప్పుల మాటెత్తని నాయకుడికి ఆ ఓట్లు దక్కవని తెలుసుకున్నాయి. లోటు తగ్గింపు ఇద్దరి నోటా మంత్రమైంది. 1998లో, 1969 తర్వాత తొలిసారి, అమెరికా బడ్జెట్ మిగులులోకి వచ్చింది. ఆర్థికవ్యవస్థ పుంజుకోవడం సహా దానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆ పాఠాన్ని జనం చేత వల్లె వేయించింది మాత్రం ఒక్క ఎలెక్టరునీ గెలవని మనిషే. జార్జ్ వాలెస్ విషయంలోనూ అంతే, కాకపోతే చేదుగా. ఆయన దక్షిణాదిలో గెలుచుకున్న ఓట్ల కోసం తర్వాతి ఎన్నికల్లో పెద్ద పార్టీలు తమ భాషనే మార్చుకున్నాయి. మూడో మనిషి తెచ్చే మాట మంచిదే కానక్కర్లేదు. పట్టించుకోని ఓట్లెక్కడున్నాయో చూపిస్తాడు, అంతే.

కాబట్టి అమెరికాలో ఈసారి ఎవరైనా స్వతంత్రుడు రంగంలోకి దిగి సర్వేల్లో పది, పదిహేను శాతమంటూ హడావుడి మొదలైతే మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఆ ఓట్లు ఎక్కడున్నాయి? ఆయన లేకపోతే ఎటు పోతాయి? పెద్ద పార్టీలు వినిపించుకోని ఏ గోడు ఆయన్ని అంతదాకా తెచ్చింది? మొదటి రెండూ ఎవరు గెలుస్తారో చెబుతాయి. గెలిచినవాళ్లు ఆ తర్వాత నాలుగేళ్లూ నిద్రపోకుండా ఆలోచించాల్సింది మాత్రం మూడోదాని గురించే.